ఈసారి గడ్డి ఎందుకు తగ్గిందంటే

ఏటా మా దగ్గర ఎండుగడ్డి తీసుకునేవాళ్లందరికీ ముందే చెప్పేస్తున్నాను, ఈసారి రెండో కోత గడ్డి అందరికీ సరిపోదు. వానలు బాగానే పడ్డాయి కదా, మరి గడ్డి ఏమైంది అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అడగాల్సిన మాటే.

కొండ మీద వాన ఒక్కటే లెక్కలోకి రాదండీ. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పడిపోతుంది, చలికి అలవాటుపడిన గడ్డి జాతులు కూడా నేల 5 డిగ్రీలన్నా వేడెక్కితే గానీ సరిగ్గా కదలవు, అందుకే కింద మొదటి కోతకు సిద్ధమయ్యే రోజుల్లో మా పై మడులు ఇంకా అప్పుడే పచ్చబడుతూ ఉంటాయి. ఈ ఏడు చలి ఆలస్యంగా వదిలింది, పోయిన ఆ వారాలు మళ్లీ రావు. పైగా వాలు మీద మట్టి పలచన, పడిన వాన నిలవదు.

ఇక నా తప్పు. పోయినేడు చివరి కోత, ఇంకొన్ని కట్టలు వస్తాయన్న ఆశతో, మరీ నేలకు ఆనించి కోయించాను. మళ్లీ చిగురించడానికి కావాల్సిన చక్కెరలను చాలా గడ్డి జాతులు మొదలు దగ్గరే, కింది ఏడెనిమిది సెంటీమీటర్లలోనే దాచుకుంటాయి. అది కాస్తా కోసేశాక పిలకలు ఎక్కణ్ణించి వస్తాయి? మళ్లలో ఖాళీలు పడ్డాయి, కలుపు లేచింది. ట్రాక్టర్ ఎక్కదని పై మడులకు పేడ ఎరువు తక్కువ వేస్తూ వచ్చాం, అమ్మిన ప్రతి టన్ను గడ్డితోనూ దాదాపు 20 కిలోల నత్రజని పొలం దాటిపోతుందని తెలిసి కూడా. మట్టి పరీక్షలో ఆమ్లగుణం పెరిగిందని తేలింది, అలాంటి నేలలో భాస్వరం ఉన్నా వేళ్లకు సరిగా అందదు. సున్నం చల్లాం, ఖాళీల్లో క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క విత్తనం వేస్తున్నాం, అది గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి ఉంచుతుంది. ఫలితం ఒక్క సీజన్‌లో రాదు.

కంకి ముదిరేదాకా ఆగి ఉంటే కట్టలు పెరిగేవే. ఆగలేదు. ముదిరిన గడ్డిలో పీచు పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి, దాంతో పశువు కడుపు నిండుతుంది గానీ పాలు రావు. అలాంటిది మీకు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఉన్న గడ్డి ముందు పాలిచ్చే పశువులున్నవాళ్లకు. మీకెన్ని పశువులున్నాయో, ఇప్పుడెన్ని పాలిస్తున్నాయో ఈ వారంలో చెప్పండి. వేరే చోట కొనుక్కుంటామంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను, మొహమాటపడకండి.