పార్కుకి అంత గోడ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీ పార్కుని మళ్లీ బాగుచేస్తారట. మొన్న ఇద్దరు టేపు పట్టుకొచ్చి కొలతలు తీసుకున్నారు. ఏం పెడతారు బాబూ అని అడిగితే ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్, ముందు ఒక ఆర్చి అన్నారు. అప్పట్నించి నాకు ఒకటే టెన్షన్. పోయినసారి కట్టిన ఫౌంటెన్ తొట్టి ఇంకా అక్కడే ఉంది మరి, దోమల్ని పెంచుతూ.

ఆ పార్కుకి పట్టిన అసలు జబ్బు గోడ. మనిషి కంటే ఎత్తు, పైన గాజుపెంకులు. లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీద వాళ్లకి కనపడదు కాబట్టే మందుబాబులకి అదంటే అంత ఇష్టం, కాబట్టే చీకటి పడ్డాక మా కోడలు పిల్లని తీసుకుని అటు వెళ్లదు. ఆ గోడని నడుం ఎత్తుకి కొట్టేసి పైన గ్రిల్ పెట్టండి, నాలుగు లైట్లు వెయ్యండి, మురీ మిక్చర్ బండిని తరిమెయ్యకుండా గేటు పక్కన ఉండనివ్వండి, ఏ వాచ్‌మన్ కంటే ఆ బండి చుట్టూ మూగే జనమే బాగా కాపలా కాస్తారు. పాత సెంట్రల్ జైలు అడవివరం వెళ్లిపోతే ఆ స్థలంలో పార్కు చేసుకున్న ఊరు మన విశాఖ, ఇక్కడేమో పార్కునే జైలు చేసి కూర్చున్నాం.

గేటు సంగతి ఇంకో కథ. పొద్దున తొమ్మిదికి తాళం పడితే మళ్లీ నాలుగుకే తీస్తారు. పైగా బండ్లు రాకుండా అడ్డంగా వంచిన పైపు పెట్టారు, మా పక్కింటాయన చక్రాల కుర్చీ అందులోంచి పట్టదు. బీచ్ రోడ్డులో వైకల్యం ఉన్న పిల్లలతో సహా అందరూ ఆడుకునేలా 2019లోనే ఒక పార్కు వచ్చింది కదా, ఇక్కడ కనీసం ఒక ర్యాంపు వెయ్యలేరా?

నీడ కూడా లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు లోపలున్న పెద్ద చెట్లు ఒక్క పూటలో వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత గోడ వెంబడి కోనోకార్పస్ మొక్కలు వరసగా పాతి, మధ్యలో లాన్ వేసి, తొక్కరాదు అని బోర్డు పెట్టారు. ఇళ్లకే కుళాయి నీళ్లు లెక్కగా వచ్చే ఊళ్లో తొక్కకూడని గడ్డికి నీళ్లేంటండీ? కానుగ, వేప, నేరేడు వేసి కింద అరుగులు కడితే పదేళ్లలో నీడ తయారవుతుంది. బాత్రూమ్ కూడా ఉందిలెండి, అందులో పారలు, పైపులు పెట్టుకున్నారు.

టేపు తెచ్చిన ఆ ఇద్దరూ ఈసారి మధ్యాహ్నం రెండింటికి రావాలి. గేటుకి తాళం ఉంటుంది. బయట గోడ నీడలో రెండిళ్ల పనికి మధ్య కాస్త నడుం వాల్చడానికి వచ్చిన ఆడవాళ్లు, బండి మీదే కునికే డెలివరీ కుర్రాళ్లు, ఒకరిద్దరు ఆటోవాళ్లు కనిపిస్తారు. ఏం కావాలో వాళ్లని అడిగి రాసుకోమనండి.

- ఒక పాఠకురాలు, విశాఖపట్నం