ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో రాసి పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఆదోని దగ్గర ఒక పల్లె. మా చెల్లెలు తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది, తొమ్మిదో నెల నిండుతోంది. ఒకరోజు రాత్రి ఎనిమిదికి అన్నం తిని లేచేసరికి చీర తడిసింది. మూత్రం ఆపుకోలేకపోయానేమో అనుకుని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, చీర మార్చుకుని పడుకుంది. పొద్దున మళ్లీ కారితే అప్పుడు అమ్మతో చెప్పింది. అవ్వ చూసి, కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరేనంది, కానీ నొప్పులు రాలేదు కదా, వచ్చాక పోదాం, అందులోనూ ఈరోజు అమావాస్య అంది. ఆముదం తాగిస్తే నొప్పులు వస్తాయని ఎవరో చెబితే అదీ తాగించారు. నేనూ అక్కడే ఉన్నా, నాకూ ఏమీ తెలియదు. డిగ్రీ చదివాను, ఒక్క తరగతిలోనూ ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం ఏడు. అక్కడ చూసి పెద్దాసుపత్రికి రాశారు. రెండు చోట్లా మొదట అడిగింది ఒకటే, నీళ్లు ఎప్పుడు పోయాయి అని. అమ్మ పొద్దున అంది, బావ మధ్యాహ్నం అన్నాడు. మొదటి ఆసుపత్రి ఇచ్చిన చీటీలో ఆ టైమే లేదు. రాత్రి ఎనిమిది అని తెలిసింది మా చెల్లెలికి ఒక్కదానికే, నొప్పుల్లో ఉన్న ఆమెను అడిగేసరికి చాలా ఆలస్యమైంది. బిడ్డ పుట్టగానే ఏడ్చాడు, అందరం సంతోషపడ్డాం. రెండో రోజు పాలు తాగడం మానేశాడు, ఒళ్లు చల్లబడింది, లేపినా లేవలేదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. పది రోజులు నవజాత శిశువుల వార్డులో ఇంజెక్షన్లు, ఆ చిన్న చేతికి సూదులు, బయట మెట్ల మీద మేము. ఇప్పుడు వాడు పాకుతున్నాడు, బాగున్నాడు. అందరికీ ఇలా బాగవుతుందని చెప్పలేం కదా, అందుకే రాస్తున్నా.

ఆ పది రోజుల్లో అక్కడి నర్సమ్మలను, డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నది ఇది. ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు కింది నుంచి సూక్ష్మక్రిములు బిడ్డ దాకా పోవడం కష్టం. అది పగిలితే దారి తెరుచుకున్నట్టే, నొప్పులు ఉన్నా లేకపోయినా క్రిములు పైకి పాకుతాయి, గంటలు గడిచేకొద్దీ గర్భసంచికి, బిడ్డ ఊపిరితిత్తులకు, రక్తానికి సోకే ప్రమాదం పెరుగుతుంది. 18 గంటలు దాటిందంటే డాక్టర్లు ఇక దాన్ని మామూలు కాన్పుగా చూడరు, తల్లికి యాంటీబయాటిక్ ఇస్తారు, బిడ్డను ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉంటారు. మా చెల్లెలికి ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికే 23 గంటలు అయ్యాయి, మేము చెప్పిన లెక్కలో మాత్రం పదకొండే.

ఇది అరుదైన విషయమేం కాదు. నెలలు నిండిన వాళ్లలో వందకు ఎనిమిది మందికి నొప్పుల కంటే ముందే నీళ్లు పోతాయి. వాళ్లలో చాలామందికి ఒక రోజులోపు నొప్పులు వాటంతటవే వస్తాయి, అందుకే మా అవ్వలాంటి పెద్దవాళ్లకు మాకేం కాలేదే అన్న ధైర్యం, వాళ్లు చూసింది అదే మరి, వాళ్లను తప్పుపట్టను. కానీ ఎవరికి నొప్పులు ఆలస్యమవుతాయో, ఎవరి బిడ్డకు సోకుతుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం. 37 వారాలు నిండకముందే నీళ్లు పోతే ఇంకా త్వరపడాలి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు ఉన్నాయి, అవి టైముకు పడాలి. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నా, వాసన వస్తున్నా, తల్లికి జ్వరం తగిలినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. శుభ్రమైన ప్యాడ్ గానీ ఉతికి ఎండబెట్టిన బట్ట గానీ పెట్టుకుని, గడియారం చూసి టైము రాసుకుని 108కి ఫోన్ చేయాలి. ఖర్చుకు భయపడి ఆగేవాళ్లూ ఉన్నారు మా దగ్గర. సర్కారు ఆసుపత్రిలో కాన్పుకూ, పుట్టిన బిడ్డ వైద్యానికీ, రానూపోనూ బండికీ డబ్బు కట్టే పని లేదని 2011 నుంచీ జననీ శిశు సురక్ష కార్యక్రమం ఉంది.

గర్భిణులకు ఇచ్చే మాతా శిశు కార్డులో ప్రమాద సూచనల కింద ఈ మాట ఉంది, నొప్పులు లేకుండా ఉమ్మనీటి సంచి పగలడం అని. మా చెల్లెలి కార్డులోనూ ఉంది. కానీ ఎవరూ వేలు పెట్టి చూపి చెప్పలేదు. మా కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు మిరప, పత్తి పనులకు గుంటూరు వైపు వలస పోతాయి, కడుపుతో ఉన్నవాళ్లూ పోతారు, కార్డు ఇంట్లో దూలం మీద ఉంటుంది. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు చేస్తారు కదా, ఆ రోజు ఏడో నెల దాటిన ప్రతి ఒక్కరికీ, వెంట వచ్చిన అత్తకో అమ్మకో కూడా, ఈ ఒక్క విషయం నోటితో చెప్పించాలని జిల్లా వైద్య అధికారులను కోరుతున్నా.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపే చీటీలో మూడు గళ్లు అచ్చు వేయించండి: ఒకటి నీళ్లు పోయిన తేదీ, గంట; రెండు ఎన్నిసార్లు లోపలి పరీక్ష చేశారు; మూడు ఏ యాంటీబయాటిక్ ఏ టైముకు ఇచ్చారు. లోపలి పరీక్ష ఎక్కువసార్లు చేసినా ఇన్‌ఫెక్షన్ పెరుగుతుందట, కాబట్టి అదీ రాయాల్సిందే. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. ఆ దారిలో ఆంబులెన్స్‌లో ఉన్న మనిషి చెప్పలేకపోయినా చీటీ చెప్పాలి.

ఇళ్లకు వెళ్లాక ఆశా అక్కలు మూడో రోజు, ఏడో రోజు ఇలా 42వ రోజు దాకా వస్తారు. వాళ్లు రాని రోజు బిడ్డ పాలు పట్టకపోయినా, ఒళ్లు చల్లబడినా వేడెక్కినా, నిమిషానికి 60 సార్లు దాటి ఊపిరి తీస్తున్నా ఎదురుచూడకండి. జ్వరం ఉంటేనే ఇన్‌ఫెక్షన్ అనుకున్నాం మేము. మా వాడికి జ్వరం రాలేదు, చల్లబడ్డాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా