‘జల్సాఘర్’ను కాదన్నది అభిరుచి లేకేనా?

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ చిత్రం ‘జల్సాఘర్’ (సంగీతశాల) గురించి వచ్చిన వ్యాసం చదివాను. సొంతగడ్డ మీద ఆదరణకు నోచుకోని ఆ చిత్రం గొప్పతనాన్ని ఫ్రెంచివారు కనిపెట్టారనీ, మన ప్రేక్షకులకు అభిరుచి కొరవడిందనీ వ్యాసకర్త తేల్చేశారు. ఆ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం.

1958లో చిత్రం విడుదలైనప్పుడు బెంగాల్‌లో స్పందన మిశ్రమంగా ఉన్న మాట నిజమే. అయితే పారిస్ ప్రేక్షకులు దానికి పట్టం కట్టింది 1981లో. అప్పటికి రాయ్ పేరు ప్రపంచమంతా మారుమోగుతోంది. పైగా అంతకుముందు తాను తీసిన ‘అపరాజితో’కు డబ్బులు రాకపోవడంతో, ఆటపాటలున్న కథైతే జనం వస్తారన్న ఆశతోనే ఆయన తారాశంకర్ బంద్యోపాధ్యాయ కథను ఎంచుకున్నారు. తీరా హాలుకు వచ్చినవారికి సినిమా పాటలకు బదులు అసలైన కచేరీలు ఎదురయ్యాయి. (మన ‘శంకరాభరణం’కూ మొదట్లో హాళ్లు పలచగానే ఉండేవి గానీ, మహదేవన్ బాణీలు సినిమా పాట కొలతలో ఒదిగినందువల్ల ఇంటింటా మోగాయి. ‘జల్సాఘర్’కు ఆ వెసులుబాటు లేదు.)

ఇంకొక సంగతి వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాలేదు. పశ్చిమ బెంగాల్‌లో జమీందారీలను రద్దుచేసే చట్టం 1953లో వచ్చింది. అప్పుల్లో కూరుకుపోయి కూడా భార్య నగలమ్మి కచేరీలు పెట్టించే ఈ చిత్ర కథానాయకుణ్ణి, ఆ వృద్ధ జమీందారును చూసి జాలిపడాలో, కోపగించుకోవాలో ఆనాటి ప్రేక్షకుడికి పాలుపోకపోతే అందులో వింతేముంది? సంగీతం కూర్చిన విలాయత్ ఖాన్‌కే ఆ పాత్ర మీద మమకారం ఉంది. ఆయన తండ్రి ఇనాయత్ ఖాన్ గౌరీపూర్ జమీందారుల ఆశ్రయంలో బతికిన సితార్ విద్వాంసుడు. సంగీతంలో జమీందారు పట్ల సానుభూతి పాలు ఎక్కువైందనీ, కాస్త వ్యంగ్యం ఉంటే తనకు నచ్చేదనీ రాయ్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. తీసినవారికీ స్వరపరిచినవారికీ కుదరని ఏకాభిప్రాయాన్ని టిక్కెట్టు కొన్నవాడి నుంచి ఆశించడం న్యాయం కాదు.

ఈ చిత్రాన్ని మెచ్చడానికైనా మెచ్చకపోవడానికైనా చూడడం ఒక్కటే చాలదు, వినాలి. గాయకుడు సలామత్ అలీ ఖాన్ మల్హార్ రాగంలో ఖయాల్ (హిందుస్తానీ గానరీతి) అందుకునే వేళకు బయట గాలి లేస్తుంది. జమీందారు చేతిలోని పాత్రలో ఒక పురుగు పడి కొట్టుకుంటూ ఉంటుంది. భార్యాబిడ్డలు ఇంకా ఇల్లు చేరలేదు. మల్హార్ వానరాగమని ఎరిగిన శ్రోతకు రాబోయే ఘోరం అక్కడే అర్థమవుతుంది, ఎరగనివాడికి అది కథ కదలని సన్నివేశంగా తోస్తుంది. కొందరికి ఈ చిత్రం ‘నిదానం’ అనిపించడానికి ఇదే ముఖ్య కారణమని నేననుకుంటాను.

వ్యాసంలో జమీందారుగా వేసిన ఛబి బిశ్వాస్ నటనకు ఒక పేరా మొత్తం దక్కింది. ఠుమ్రీ (హిందుస్తానీ లలిత గీతం) పాడిన బేగం అఖ్తర్, కథక్ ఆడిన రోషన్ కుమారి, ఈ సలామత్ అలీ ఖాన్ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఇలాంటి చిత్రాల గురించి రాయించేటప్పుడు తెర మీద పాడినవారి, ఆడినవారి వివరాలు, వీలైతే రాగాల పేర్లు కూడా ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయ,
ఒక పాఠకుడు, విజయవాడ