పచ్చ అంటే ఏ పచ్చ?

తిరుపతి

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పి ఉండేవాణ్ణి. కానీ పక్కన మనవరాలు రంగుపెన్సిళ్ళ డబ్బా బోర్లించి పంచాయితీ పెట్టింది, నీకేమో ఆఫీసుకు వేళవుతోంది. "ఆకూ పచ్చే, అరటిపండూ పచ్చేనా? తెలుగులో ఈ రెండింటికీ తేడా లేదా నాన్నా?" అని నవ్వావు. ఆ నవ్వులో మన భాష మీద కాస్త జాలి కూడా వినిపించింది. చీరల కొట్టులో జుట్టు నెరిసినవాణ్ణి, రంగుల మాట వస్తే ఊరుకోలేను. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు పిల్లకు చెప్పవలసింది చెప్పేస్తాను. ఆకుది ఆకుపచ్చ, అరటిపండుది పసుపుపచ్చ, లేదా ఉత్త పసుపు. బళ్ళో ఇలాగే రాయాలి. ఇందులో తికమక ఏమీ లేదు. ముందున్న ఆకునూ పసుపునూ తీసేసి ఒట్టి పచ్చ అన్నప్పుడే చిక్కంతా.

ఆ ఒట్టి పచ్చ పాతకాలం నుంచీ రెండు రంగులదీ. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులోనూ రెంటినీ కలిపే ఇచ్చాడు. వాడుకలో ఏ పచ్చో పక్కనున్న మాటే చెబుతుంది. పచ్చసొన, పచ్చగన్నేరు ఎప్పుడూ పసుపే. నగల కొట్టుకు వెళ్ళి పచ్చ చూపించమంటే మరకతం తీస్తారు. పసుపుగా మెరిసే పుష్యరాగాన్ని పచ్చ అన్నవాణ్ణి నేను చూడలేదు. రైలు కదలడానికి ఊపే పచ్చజెండా ఆకుపచ్చ. అదే ఎన్నికల రోజుల్లో మన వీధిలో పచ్చజెండా అంటే పసుపు. 1982లో పెట్టిన తెలుగుదేశం పార్టీ జెండాను అభిమానులు పసుపు జెండా అంటారు, ఎదుటి పక్షంవాళ్ళు వెటకారానికి పచ్చ అంటారు. 1983లో రామారావుగారు మన తిరుపతి నుంచి పోటీచేసి గెలిచినప్పుడు నేను కొట్టులో కొత్తగా చేరినవాణ్ణి. ఆ నాలుగు వారాలూ పసుపు తాను వస్తే చాలు, సాయంత్రానికి అట్టముక్క మిగిలేది.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల బట్టల వ్యాపారం చేసేవాడికి ఇంకో చిక్కుంది. పురట్టాసి నెలలో తమిళ యాత్రికులు కొట్టు నిండా ఉంటారు. వాళ్ళకు పచ్చై అంటే ఆకుపచ్చ ఒక్కటే, పసుపును మంజళ్ అంటారు. పల్లెల నుంచి పెళ్ళి బట్టలకు వచ్చే మన పెద్దవాళ్ళు పచ్చచీర అన్నారంటే చాలాసార్లు పసుపుదే. అందుకని పచ్చ అనే మాట వినగానే మడత విప్పేవాణ్ణి కాదు. "ఏ పచ్చ అమ్మా?" అని అడిగేవాణ్ణి. అప్పుడు అసలు రంగులు బయటికి వచ్చేవి: చిలకపచ్చ, గంధం రంగు, నిమ్మపండు రంగు, మామిడిపండు రంగు, లేత అరటాకు రంగు. మాటలు తక్కువైన భాషలో ఇన్ని రంగులు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పు?

ఆ లేత అరటాకు రంగు చీర ఒకటి బాగా గుర్తుంది. ఇంకా విచ్చుకోని సుడి ఆకు ఉంటుందే, ఆ రంగు. ట్యూబులైటు కింద పరిస్తే పసుపు. గుమ్మం దగ్గరికి తీసుకువెళ్ళి ఎండ పడేలా పట్టుకుంటే ఆకుపచ్చ. మడత లోపల ఒకటి, అంచు దగ్గర ఇంకొకటి. అత్తగారు పసుపు అంటుంది, కోడలు ఆకుపచ్చ అంటుంది, వెంట వచ్చిన మామగారు గడియారం చూసుకుంటున్నాడు. "అమ్మా, ఇది పచ్చ" అన్నాను. ఇద్దరూ తలూపారు. చీర అమ్ముడుపోయింది. అంత వెడల్పు ఉన్న మాట కాబట్టే ఇద్దరికీ చోటు దొరికింది.

కంటి సంగతి కూడా చెబుతాను. వెలుతురు బాగా ఉన్నప్పుడు మనిషి కన్ను అన్నిటికన్నా సులువుగా పట్టుకునే కాంతి 555 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే ఆకుపచ్చ పసుపువైపు ఒరిగేచోట. మన పెద్దలు ఇదంతా కొలిచి మాట పెట్టారని నేను అనను, అలాంటి గొప్పలు నాకు గిట్టవు. రంగుల మధ్య గీత ప్రకృతిలో లేదు, ఒక్కో భాష ఒక్కోచోట గీసుకుంది, అంతే. జపానువాళ్ళు ఆకాశం రంగును ఏ మాటతో పిలుస్తారో ట్రాఫిక్ దీపంలోని ఆకుపచ్చనూ ఆ మాటతోనే పిలుస్తారు, ‘ఆవో’ అని. రష్యావాళ్ళకు లేత నీలం వేరే రంగు, ముదురు నీలం వేరే రంగు.

నువ్వుండే బెంగళూరులో ఆకుపచ్చను హసిరు అంటారు కదా. అది మన పచ్చకు చుట్టమే. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. అలాగే పాత ‘పసిరు’ అక్కడ హసిరు అయింది. మన దగ్గర ఆ కుటుంబం ఎంత పెద్దదో చూడు. పసుపు అందులోదే, ఆకు నలిపితే వచ్చే పసరు అందులోదే. పసిడి, పసిమి, చెట్టు మీద తీగలా వేలాడే పసరిక పాము, పసిపిల్ల కూడా. పసిపిల్లకు రంగేమిటి అంటావు. అక్కడికే వస్తున్నాను.

నన్ను అడిగితే పచ్చలో ముందున్నది రంగు కన్నా తడి. చెమ్మ ఉన్నది, ప్రాణం ఉన్నది, ఇంకా ఎండనిది, పండనిది, ఉడకనిది. మీ అమ్మ వంటింట్లో చూడు. పచ్చికొబ్బరి అంత తెల్లనిది ఇంకొకటి లేదు, అయినా అది పచ్చి, ఎందుకంటే ఎండుకొబ్బరి కాదు కనుక. కాచనివి పచ్చిపాలు. బజారులో పచ్చిరొయ్యలు వేరు, ఎండురొయ్యలు వేరు. బట్టీలో కాలనిది పచ్చి ఇటుక, మాననిది పచ్చిపుండు. ఈ దేనిలోనూ ఆకుపచ్చా లేదు, పసుపూ లేదు.

కొండమీద పచ్చకర్పూరం సంగతీ అంతే. చిన్నప్పుడు నువ్వు పొట్లం విప్పి, "తెల్లగా ఉందేం, మనల్ని మోసం చేశారా?" అని అడిగావు. అక్కడ పచ్చ అంటే పచ్చి. హారతి కర్పూరం వేరు, లడ్డూలోనూ తీర్థంలోనూ కమ్మగా తగిలే ఈ తినే కర్పూరం వేరు. స్వామి గడ్డానికి పెట్టేదీ ఇదే. దానికో కథ చెబుతారు. రామానుజుల శిష్యుడు అనంతాళ్వాన్ పూలతోట కోసం చెరువు తవ్వుతుంటే, నిండు చూలాలైన భార్య మట్టి మోస్తోందట. ఒక పిల్లవాడు వచ్చి ఆమెకు సాయం చేశాడు. వద్దన్నా వినలేదని అనంతాళ్వాన్ గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. తరువాత గుడిలో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం కారుతోంది. అప్పుడు పచ్చకర్పూరం అద్దాడు. ఆ గునపమని చెప్పేది ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతుంది. ఈసారి వచ్చినప్పుడు పిల్లను ఎత్తుకుని చూపించు.

నువ్వు పుట్టినప్పుడు మీ అవ్వ గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ అడ్డుపడేది. "పచ్చి బాలింత, పసికందు, చల్లగాలి తగలనీయకండి" అని. తల్లీ పచ్చే, బిడ్డా పచ్చే. తరువాత నీ ఒళ్ళు కాస్త పచ్చబడింది, కామెర్లన్నారు. అది మాత్రం అచ్చమైన పసుపు. ఆస్పత్రిలో నీలం దీపం కింద పడుకోబెట్టారు, ఆ వెలుతురు చర్మంలోని పసుపు పదార్థాన్ని ఒంట్లోంచి బయటికి పోయేలా మారుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అవ్వకు నమ్మకం కుదరలేదు. దీపం పక్కనే కూర్చుని విష్ణునామం చదివింది.

ఈ తడి పట్టుకుంటే సామెతలన్నీ వాటంతట అవే విడిపోతాయి. పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది అంటాం. ఎండుగడ్డి మండటంలో వింతేముంది? పచ్చిది కూడా అంటుకునేంత పగ అన్నమాట. పచ్చని కాపురం అంటే డబ్బున్న కాపురమని కాదు, మీ మేనత్తను చూస్తే తెలుస్తుంది. పచ్చి అబద్ధం అంటే ఉడికించకుండా, తాలింపు కూడా పెట్టకుండా వడ్డించినది. గొంతులో పచ్చి వెలక్కాయ పడటం ఎలా ఉంటుందో మీ ఆఫీసు మీటింగుల్లో నీకే బాగా తెలుసు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు అంటారే, అది నాకు అన్నిటికన్నా ఇష్టం. నీళ్ళకు పచ్చిదనం ఏమిటి? అయినా ఆ ‘పచ్చి’ తీసేస్తే ఉపవాసంలో సగం బరువు పోతుంది.

పచ్చబొట్టు ఒక్కటి మాత్రం ఈ లెక్కకు లొంగదు. నల్లమసితో పొడిచినా చర్మం కింద ఆకుపచ్చగా, నీలంగా కనబడుతుంది. అక్కడ రంగే పేరైంది. ఉండనీ. భాషలో అన్నీ ఒకే తాళంచెవికి తెరుచుకోవాలని ఎక్కడా లేదు.

మనవరాలికి ఇవన్నీ ఇప్పుడే చెప్పకు. ఒక మామిడికాయ చేతిలో పెట్టు. దామలచెరువు మండీ నుంచి తెప్పించిన తోతాపురి కాయలు బస్సు పార్సిల్‌లో పంపాను. మన పల్లెల్లో దాన్ని బెంగళూరు కాయ అంటారు, మీ ఊళ్ళో బండ్లమీద కోసి ఉప్పూ కారం చల్లి అమ్మేది అదే. సగం పండిన కాయ ఒకటి తీసి చూడు. తొడిమ దగ్గర భుజం పసుపు తిరిగి ఉంటుంది, చిలకముక్కులాంటి కొన ఇంకా ఆకుపచ్చగా ఉంటుంది. రెండింటి మధ్య గీత ఎక్కడుందో పిల్లనే పెన్సిలుతో గీయమను. పండేకొద్దీ తోలులోని పత్రహరితం తగ్గి కింద పసుపు బయటపడుతుందని పెద్దయ్యాక బళ్ళో చెబుతారు.

పెట్టెలో పైన ఉన్నవి పండబారినవి, ముందు వాటిని తినండి. గట్టిగా ఉన్నవి అడుగున గడ్డిలో పెట్టాను. వాటిని ఫ్రిజ్‌లో పెట్టావంటే సరిగా పండవు, బియ్యం డబ్బాలో దాచు. బాగా పుల్లగా ఉన్న నాలుగింటిని మీ అమ్మ కాగితంలో విడిగా చుట్టింది, అవి పప్పులోకి. అల్లుడిగారిని అడిగానని చెప్పు. పార్సిల్ అందగానే ఫోన్ చెయ్యి, చీటీ సంచికి కట్టి ఉంది, పారేయకు.

ఇట్లు,
నాన్న