పదికి దించితే పరిశోధన అయిపోయినట్టేనా?

సంపాదకులకు,

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చాలాకాలం పనిచేశాను. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక ఎంత శాతం ఉందో సాఫ్ట్‌వేర్‌తో చూస్తారు. ఆ గ్రంథాలు సమర్పించే రోజుల్లో మా కౌంటర్ దగ్గర ఒకటే గోడు: 'సార్, పద్నాలుగు శాతం వచ్చింది, ఎలాగైనా పదికి దించాలి.' ఒకమ్మాయి నా ఎదుటే రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని వాక్యానికో మాట మార్చుకుంటూ పోయింది. ఆలోచన ఎవరిదో వారి పేరు చెబితే సరిపోతుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు!

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే శిక్ష మొదలవుతుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇది అందరికీ కంఠస్థం. ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన నైతికతపై అవగాహన సదస్సులు పెట్టాలని అవే నిబంధనలు చెబుతున్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. పైగా సాఫ్ట్‌వేర్ పట్టుకునేది మాటల్నే. కల్పించిన లెక్కల్ని కాదు. ప్రయోగశాల నోటుపుస్తకం తెరిచి చూడవలసింది పర్యవేక్షకుడే. పర్యవేక్షకుడిగా ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది వరకు పరిశోధక విద్యార్థులు ఉండవచ్చు. వారానికి ఒక గంటైనా ఒక్కొక్కరికి దక్కుతోందా?

ముందు గ్రంథాలయాల్లో ఖాళీలు నింపండి. ఆధారాలు ఎలా చూపాలో ఓపికగా చెప్పే మనిషిని ఒక్కరినైనా అక్కడ కూర్చోబెట్టండి.

– ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి, ఖమ్మం