రష్యాలో మిగిలిన కంపెనీలు లెక్క చెప్పాలి

ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలై ఏళ్లు గడిచినా అనేక విదేశీ కంపెనీలు రష్యాలో వ్యాపారం సాగిస్తూనే ఉండటం, అవి కట్టే పన్నులు యుద్ధం చేస్తున్న ఖజానాకే చేరడం తీవ్ర ఆందోళన కలిగించే విషయం. ‘కొత్త పెట్టుబడులు ఆపేశాం’ అని ప్రకటించి, పాత కర్మాగారాలను యథాతథంగా నడుపుకోవడం వైదొలగడం ఎంతమాత్రం కాదు. నిష్క్రమణ నష్టదాయకమన్నది నిజమే: 2022లో ఫ్రెంచ్ కార్ల సంస్థ రెనో, రష్యా కార్ల తయారీ సంస్థ అవ్తోవాజ్‌లోని తన వాటాను నామమాత్రంగా ఒక్క రూబుల్‌కు వదులుకుంది, 2023 జులైలో ఫ్రెంచ్ పాల ఉత్పత్తుల సంస్థ డానోన్, డెన్మార్క్ బీరు సంస్థ కార్ల్స్‌బర్గ్‌ల స్థానిక సంస్థలను రష్యా ప్రభుత్వం తాత్కాలిక అజమాయిషీ పేరిట తన అధీనంలోకి తీసుకుంది. అయితే జాప్యం చేసినకొద్దీ రష్యా విధించే అమ్మకపు షరతులు మరింత బిగిశాయే తప్ప సడలలేదు. మందుల వంటి అత్యవసరాలను మినహాయించి, మిగతా కంపెనీలన్నీ రష్యాలో ఏటా కట్టిన పన్నును వార్షిక నివేదికలో విడిగా చూపేలా, నిష్క్రమణకు గడువు ప్రకటించేలా వాటి మాతృదేశాల ప్రభుత్వాలు చట్టం చేయాలి.