మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పిల్లలకు డ్రైవింగ్ పాఠాలు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంక్రాంతి ముగ్గులు, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేశారు కాబట్టి మళ్లీ వర్ణించను. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన పని గురించే: టీనేజీ పిల్లలకు రోడ్డు మీద జాగ్రత్తలు నేర్పే తరగతులు.

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వర్తూరు వైపు ఉన్న మన కుటుంబాల్లో పరిస్థితి అందరికీ తెలిసిందే. కాలేజీ ఒక మూల, ట్యూషన్ ఇంకో మూల. ఆటో దొరకదు, దొరికినా మీటరు వెయ్యరు. దాంతో అమ్మ స్కూటర్ మెల్లగా పిల్లవాడి చేతికి వెళ్తుంది. తరగతులు పిల్లల కోసమని మొదలుపెట్టాం కానీ, ముందు కూర్చోబెట్టాల్సింది పెద్దవాళ్లనేనని త్వరలోనే తేలిపోయింది.

ఎక్కువమంది అడిగింది ఒకటే: "గేర్ లేని బండి పదహారేళ్లకే నడపొచ్చు కదండీ?" చట్టం చూసేది గేర్లు కాదు, ఇంజిన్. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 16 ఏళ్లకు అనుమతి ఉన్నది 50 సీసీ దాటని బండికే, అదీ లైసెన్సు తీసుకున్నాకే. మన ఇళ్లలో ఉండే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. అంటే 18 నిండాల్సిందే.

2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్ గురించి చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రో తల్లో లేదా బండి యజమానో బాధ్యులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తమకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోవాల్సింది కూడా పెద్దవాళ్లే. తాళం గుమ్మం పక్కన మేకుకు వేలాడదీసి "నాకు తెలీదు" అంటే కోర్టులో నిలుస్తుందా అని ఒక సభ్యురాలు అడిగారు. జవాబు ఎవరూ చెప్పలేదు, అక్కర్లేకపోయింది.

ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద చాలాసేపు వాదన నడిచింది. మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే వాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నిజమే. కానీ మెకానిక్ చేత ఆ స్పీడు లాక్ తీయిస్తే అది మామూలు మోటారు బండి కిందికి వస్తుంది, పిల్లవాడు లైసెన్సు లేకుండా నడిపినట్టే అవుతుంది.

పిల్లల తరగతుల్లో ఉపన్యాసాలు తగ్గించి చేతల్లో చూపించాం. అపార్ట్‌మెంట్ ఆవరణలో తాడు పరిచి, 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుందని కొలిచి చూపించాం. ఫోనులో మెసేజ్ మీద రెండు సెకన్లు చూపు పడితే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. స్పీడు రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుందన్నది ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే, అయినా తాడు చూశాకే నమ్మారు.

అన్నిటికన్నా పిల్లలకు నచ్చింది బస్సు పాఠం. ఆగి ఉన్న స్కూలు బస్సులో డ్రైవరు సీట్లో ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి, ఎడమవైపు స్నేహితుణ్ణి సైకిలుతో నిలబెట్టాం. కొన్నిచోట్ల అతను అద్దంలో అసలు కనిపించలేదు. స్టాపు దగ్గర బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్యలోంచి బండి దూర్చే అలవాటు ఎంత ప్రమాదమో విడిగా చెప్పనవసరం లేకపోయింది.

పద్దెనిమిది నిండినవాళ్లకు ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) నియమాలు చెప్పాం. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజుల తర్వాతే పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లాలి. అప్పటిదాకా బైకు మీద నేర్పే మనిషిని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు. ఈ చివరి మాట చాలామందికి కొత్త.

లోటుపాట్లు కూడా చెప్పాలి. తండ్రులు పిల్లల్ని దింపి వెళ్లిపోయారు, తరగతిలో కూర్చున్నవాళ్లు తల్లులే. పైగా సర్వీస్ రోడ్డులో రాంగ్ రూట్లో వచ్చి దింపినవాళ్లూ ఉన్నారు. పిల్లలు చూశారు, నవ్వుకున్నారు.

ఇంకొకటి. ఇక్కడ హెల్మెట్ లేనిదే గేటు దాటనివ్వని ఇళ్లలో కూడా, సెలవులకు ఊరెళ్తే తాతగారి బండి తాళం మనవడి చేతికొస్తోంది. "ఊళ్లో ఎవరడుగుతార్లే" అంటారు. చట్టం చిత్తూరులోనూ అదే, కర్నూలులోనూ అదే.

వచ్చే ఏడాది ప్రమాదంలో గాయపడ్డవారికి ప్రథమ చికిత్స నేర్పే తరగతి పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. సభ్యుల్లో డాక్టర్లు, నర్సులు ఉంటే వేసవి సెలవులు మొదలయ్యేలోపు పేరు ఇవ్వండి. తరగతులు ఇకపై ఆదివారం ఉదయం పెడతాం, తండ్రులకు వీలుగా ఉంటుందని.

ఇట్లు,
కార్యదర్శి